నేలకూ బస్తాకూ మధ్య చెక్క

హైదరాబాద్‌లో హఫీజ్‌పేట నుంచి కొండాపూర్ వైపు వెళ్తుంటే కాఫీ షాపుల ముందు పాత పాలెట్లతో, అంటే సరుకు పేర్చే చెక్క చట్రాలతో, చేసిన బెంచీలు కనిపిస్తాయి. కొన్నింటి అంచున గోధుమ కంకి ముద్ర, పక్కనే హెచ్‌టీ అన్న అక్షరాలు. అలంకారమనుకుని వాటి మీద కూర్చుంటాం. నిజానికి అది ఆ చెక్క పాస్‌పోర్టు: నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి తగిలి 30 నిమిషాలు నిలిచింది, ఇందులో పురుగు లేదు అని. 2002లో వచ్చిన ఐఎస్‌పీఎం-15 అనే అంతర్జాతీయ నిబంధన తెచ్చిన ముద్ర ఇది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని అర్థం. అలాంటి చెక్కను ఇంట్లోకి తెచ్చుకోకపోవడమే మేలు.

సరుకును నేలకు తగలనీయకూడదన్న తెలివి మనకు కొత్తేమీ కాదు. గాదె కింద రాళ్లో దుంగలో వేసేవాళ్లు, చెమ్మా చెదా అంటకుండా. గిడ్డంగుల్లోనూ అదే పద్ధతి. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ గిడ్డంగుల సంస్థ, 1965లో ఎఫ్‌సీఐ వచ్చాయి. వాటి గోడౌన్లలో బస్తాల నెట్టు కింద పరిచే చెక్క చట్రాలను డన్నేజ్ అంటారు. చూడ్డానికి పాలెట్టే, కాకపోతే కదలదు. కదిలేది హమాలీ.

చెక్కకు కాళ్లొచ్చింది ఫోర్క్‌లిఫ్ట్‌తో. అమెరికాలో 1917లో క్లార్క్ కంపెనీ తన ఫ్యాక్టరీ లోపల సరుకు మోయడానికి ఒక బండి చేసుకుంది. తర్వాతి ఏళ్లలో అలాంటి బండ్లకు సరుకు ఎత్తే ఫోర్కులు అమరాయి. రెండో ప్రపంచయుద్ధం వాటినీ, అవి ఎత్తే పాలెట్లనూ ఓడరేవులకు చేర్చింది. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో వదిలేసిన పాలెట్లతోనే చెప్ అనే అద్దె వ్యవస్థ పుట్టింది. బ్రాంబుల్స్ కంపెనీ దాన్ని కొన్నది 1958లో, సరిగ్గా ఆంధ్రప్రదేశ్ గిడ్డంగుల సంస్థ పుట్టిన ఏడు. అక్కడ పాలెట్ ఊరూరా తిరిగే ఉమ్మడి సొత్తయింది. ఇక్కడ 75 కిలోల ధాన్యం బస్తా వీపు మీదే తిరిగింది.

ఇక పేర్ల సంగతి. మూడు నిలువు దూలాల మీద పలకలు కొడితే స్ట్రింగర్ రకం; ఫోర్కులు రెండు వైపుల నుంచే దూరతాయి కనుక టూ-వే అంటారు. తొమ్మిది దిమ్మెల మీద నిలిపితే బ్లాక్ రకం, నాలుగు వైపులా దారే. అడుగు పలకలు లేనిది స్కిడ్. రెండు ముఖాలూ ఒకేలా ఉంటే రివర్సిబుల్. దీన్ని కొని హ్యాండ్ పాలెట్ ట్రక్కుతో లాగబోయినవాళ్లకే తెలుస్తుంది తిప్పలు: ట్రక్కు చక్రాలు నేలకు ఆనాల్సిన చోట పలకలు అడ్డం పడతాయి. యూరోపు రైల్వేలు 1961లో ఒప్పుకున్న యూరో పాలెట్ కొలత 800×1200 మిల్లీమీటర్లు, మేకులు 78. అయితే సనత్‌నగర్ డిపోకు వచ్చే కంటైనర్ల లోపలి వెడల్పు 2.35 మీటర్ల దాకా ఉంటుంది. అందులో యూరో పాలెట్లను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే 35 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. గాలికి కూడా కిరాయి కట్టాలి మరి!

మందుల పరిశ్రమ మాత్రం చెక్కను నమ్మలేదు. 2010లో అమెరికాలో టైలెనాల్ మాత్రలు బూజు వాసనతో వెనక్కి వచ్చాయి. పాలెట్ చెక్కకు పట్టించిన రసాయనమే కారణమని తేలింది. కడిగి ఆరబెట్టుకోగల ప్లాస్టిక్ పాలెట్‌కు మందుల గోడౌన్లలో ఉన్న గిరాకీ ఊరికే రాలేదు. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో దుకాణం తెరిచిన ఐకియా అయితే అంతకు కొన్నేళ్ల ముందే కాగితం పాలెట్లకు మారడం మొదలుపెట్టింది.

మన దగ్గర 1200×1000 కొలత ఎక్కువగా కనిపించినా, అందరూ కట్టుబడే ఒక్క సైజంటూ లేదు. ఒకరి పాలెట్ ఇంకొకరి ర్యాకులో పట్టదు. అందుకే అది గోడౌన్ గేటు దగ్గరే ఆగిపోతుంది, లారీలో సరుకు విడిగా ఎక్కుతుంది. 1874లో వాడీ రైలుమార్గం పడిన ఈ హఫీజ్‌పేటలో, డీసీఎం వ్యాన్ ఆగిన సందులోంచి మూడో అంతస్తుకు ఫ్రిజ్ చేరేది ఇప్పటికీ నడుముకు తాడు చుట్టుకున్న మనిషి వీపు మీదే.