కరి: మాట వెనుక కథ

చెన్నై టి. నగర్‌లో ఉండే తెలుగువాళ్ల చెవికి తమిళంలోని రెండు మాటలు ఒకటిగానే వినిపిస్తాయి. మామూలు 'ర'తో రాసే 'కరి' అంటే బొగ్గు. బండి 'ఱ'తో రాసే 'కఱి' అంటే కూర, మాంసం. మొదటిది మన కరిమబ్బులో ఉన్నదే. మన దగ్గర రంగుగా మిగిలిన మాట వాళ్ల దగ్గర వస్తువై నిలిచింది.

ఇప్పుడు ఆ కఱే కరి అవుతోంది. బయోచార్‌ను తమిళంలో 'ఉయిర్‌క్కరి' అంటున్నారు. ఉయిర్ అంటే ప్రాణం. మిగిలిన తిండిని, కూరగాయల తొక్కల్ని ఆరబెట్టి, గాలి దాదాపు తగలకుండా 300 నుంచి 700 డిగ్రీల వేడిలో మాడిస్తే వచ్చే బొగ్గు అది. దాని సన్నని రంధ్రాల గోడలకు అద్దకపు నీళ్లలోని రంగులు, తోళ్ల కర్మాగారాల నీళ్లలోని క్రోమియం అంటుకుంటాయి. ఇలా పైపైన పట్టి ఉంచడాన్ని మన పాఠ్యపుస్తకాలు 'అధిశోషణం' అన్నాయి. లోపలికి పీల్చుకుంటే అది శోషణం. ఒక్క 'అధి'తో ఎంత తేడా చూపారో! తెలుగు నేత కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టుకుని, పట్టుచీరలకు పేరుపడ్డ టి. నగర్‌కు రంగునీళ్ల సంగతి పరాయిది కాదు.

వండిన తిండిలో ఉప్పుంటుంది కాబట్టి ఆ బొగ్గును ముందు బాగా కడగాలి. నీళ్లలో కరిగిన ఉప్పును మాత్రం అది పెద్దగా తీయలేదు. ఇంకొక్క మాట: క్రోమియం పట్టిన కరిని ఎరువనుకుని మొక్కలకు వేయకండి.