గేమింగ్ ల్యాప్‌టాప్ హీట్: ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతున్నా చల్లబడట్లేదా? గోదావరి ఎండల్లో ముందు చేయాల్సింది ఇదే!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మరి ఆ ఎండల్లో.. డాబా ఇంటి పై గదిలో గంటల తరబడి గేమ్ నడిచే ల్యాప్‌టాప్ సంగతేంటి? రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం ప్రాంతాల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కనిపిస్తూనే ఉంటాయి. పగలు కోడింగ్, ప్రాజెక్ట్ వర్క్.. రాత్రి గేమ్స్. ఇంట్లోవాళ్లు డబ్బులు కూడబెట్టి కొనిచ్చిన ఆ మెషీన్, ఎండాకాలం రాగానే ఫ్యాన్ హోరెత్తించడం, గేమ్ మధ్యలో ఆగి ఆగి నడవడం, ఒక్కోసారి దానంతట అదే ఆఫ్ అయిపోవడం మొదలుపెడుతుంది.

వెంటనే చాలామంది చేసే పని ఒకటే. ఫ్యాన్ స్పీడ్ ఫుల్‌కి పెంచేయడం. కానీ మన దగ్గరి ఎండల్లో అదొక్కటే సరిపోదు. ఎందుకో, ఏం చేయాలో ఇప్పుడు చూద్దాం.

35 డిగ్రీల లెక్క తెలుసా?

ల్యాప్‌టాప్‌తో వచ్చే మాన్యువల్‌లో ఎవరూ పెద్దగా చూడని లైన్ ఒకటుంటుంది. ఈ మెషీన్‌ను ఎంత వేడి ఉన్న చోట వాడొచ్చు అనేది అందులో రాసి ఉంటుంది. చాలా కంపెనీలు పెట్టే గరిష్ఠ పరిమితి 35 డిగ్రీల సెల్సియస్. అది ల్యాప్‌టాప్ లోపలి వేడి కాదు.. గదిలోని గాలి వేడి.

మే నెలలో గోదావరి జిల్లాల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పై అంతస్తు శ్లాబు పగలంతా వేడిని పీల్చుకుని, చీకటి పడ్డాక గదిలోకి వదులుతుంది. అందుకే రాత్రి 9 గంటలకు కూడా గది కుంపటిలా ఉంటుంది. అంటే ఏసీ లేని పై గదిలో గేమ్ ఓపెన్ చేయకముందే ఆ పరిమితి దాటిపోయే అవకాశం ఉంది.

ఫ్యాన్ ఏం చేస్తుంది? ఏం చేయలేదు?

ల్యాప్‌టాప్‌లో వేడి పుట్టేది ప్రధానంగా రెండు చోట్ల. ఒకటి ప్రాసెసర్, రెండోది గ్రాఫిక్స్ చిప్. ఈ రెండింటి మీద రాగి పైపులు ఉంటాయి. అవి వేడిని తీసుకెళ్లి పక్కనుండే సన్నటి లోహపు రేకులకు ఇస్తాయి. ఫ్యాన్ బయటి గాలిని లోపలికి లాగి ఆ రేకుల మధ్య నుంచి ఊదేస్తుంది. అంతే.. ఫ్యాన్ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలో ఉన్న గాలినే వాడుకుంటుంది.

అందుకే ఒక సింపుల్ లెక్క గుర్తుపెట్టుకోండి. పని, ఫ్యాన్ స్పీడ్ అవే ఉంటే.. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్నే డిగ్రీలు పెరుగుతుంది. 26 డిగ్రీల ఏసీ గదిలో 80 దగ్గరున్న చిప్, 38 డిగ్రీల గదిలో 92కి చేరుతుంది.

చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు 95 నుంచి 105 డిగ్రీల మధ్య గరిష్ఠ హద్దు ఉంటుంది. అది తాకగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. గేమ్ ఉన్నట్టుండి తడబడటానికి ఇదొక పెద్ద కారణం. అప్పటికీ వేడి తగ్గకపోతే ల్యాప్‌టాప్ ఆఫ్ అయిపోతుంది.

ఫ్యాన్‌ను 80 శాతం నుంచి 100 శాతానికి పెంచితే మోత బాగా పెరుగుతుంది.. వేడి మాత్రం సాధారణంగా కొద్ది డిగ్రీలే తగ్గుతుంది. కాబట్టి అసలు కిటుకు.. వేడి పుట్టిన తర్వాత ఊదడం కంటే, పుట్టే వేడినే తగ్గించడం.

ముందు ఈ టెస్ట్ చేయండి

సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తే ముందు తప్పు గదిదా, ల్యాప్‌టాప్‌దా తేల్చుకోవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చిప్ టెంపరేచర్ కనిపిస్తుంది.

- గేమ్‌లో ఫ్రేమ్ రేట్‌ను 60కి లాక్ చేయండి. ఫ్యాన్ మోడ్ మార్చకండి.
- తెల్లవారుజామున గది చల్లగా ఉన్నప్పుడు 20 నిమిషాలు ఆడి టెంపరేచర్ రాసుకోండి.
- అదే రోజు మధ్యాహ్నం అదే గేమ్, అవే సెట్టింగ్స్‌తో మళ్లీ 20 నిమిషాలు ఆడండి.

పొద్దున 80 ఉండి మధ్యాహ్నం 90కి వచ్చిందా? గది వేడి అంత మేర పెరిగితే అది ఎండ ప్రభావమే. సెట్టింగ్స్‌తో సర్దుకుంటుంది. పొద్దున చల్లటి పూటే 95 తాకుతోందా? అయితే దుమ్ము పేరుకోవడమో, థర్మల్ పేస్ట్ ఎండిపోవడమో, ఒక ఫ్యాన్ తిరగకపోవడమో జరిగి ఉండొచ్చు. అప్పుడు మెషీన్ విప్పించాల్సిందే.

వేడి పుట్టకుండా చేసే 4 సెట్టింగ్స్

1. ఫ్రేమ్ రేట్‌కి హద్దు పెట్టండి: హద్దు లేకపోతే గ్రాఫిక్స్ చిప్ చేతనైనన్ని ఫ్రేమ్స్ తయారుచేస్తూనే ఉంటుంది. 144 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్నా సరే.. ఎండాకాలం మధ్యాహ్నాలు 60 లేదా 75 దగ్గర ఆపండి. గేమ్ సెట్టింగ్స్‌లో గానీ, ఎన్విడియా, ఏఎండీ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో గానీ ఈ ఆప్షన్ ఉంటుంది. వేడి తగ్గించడానికి పైసా ఖర్చు లేని మంచి మార్గం ఇదే.

2. టర్బో బూస్ట్ ఆపండి: విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్'ను 100 నుంచి 99 శాతానికి మార్చండి. ఒక్క శాతమే కదా అనుకోవద్దు. దీంతో చాలా ప్రాసెసర్లలో టర్బో ఆగిపోయి వేడి బాగా దిగుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఈ ఆప్షన్ కనిపించదు. అలాంటప్పుడు కంపెనీ యాప్‌లో బ్యాలెన్స్‌డ్ మోడ్ ఎంచుకోండి.

3. కంపెనీ యాప్ వాడండి: ఆసుస్‌కి ఆర్మరీ క్రేట్, లెనోవోకి వాంటేజ్, హెచ్‌పీకి ఒమెన్ గేమింగ్ హబ్, ఏసర్‌కి నైట్రోసెన్స్ లేదా ప్రెడేటర్‌సెన్స్, ఎంఎస్‌ఐకి ఎంఎస్‌ఐ సెంటర్ ఉన్నాయి. టర్బో, పెర్ఫార్మెన్స్ మోడ్‌లు ఫ్యాన్‌తో పాటు చిప్‌కి వెళ్లే కరెంటును కూడా పెంచుతాయి. 'ఫ్యాన్ ఎక్కువ తిరుగుతోంది కాబట్టి చల్లగా ఉంటుంది' అని టర్బోలో పెడితే.. వేడి ఇంకా పెరగొచ్చు. ఏసీ లేని గదిలో బ్యాలెన్స్‌డ్ మోడే మేలు.

4. ఫ్యాన్ కర్వ్ సరిచేయండి: ఎంత వేడికి ఫ్యాన్ ఎంత తిరగాలో చెప్పే పట్టికే ఫ్యాన్ కర్వ్. అన్ని మోడళ్లలో దీన్ని మార్చే వీలుండదు. మీ దాంట్లో ఉంటే ఇలా మొదలుపెట్టండి: 60 డిగ్రీల వరకు 40 శాతం, 70కి 60 శాతం, 80కి 80 శాతం, 85 దాటితే ఫుల్. మెట్లు మెట్లుగా పెరిగేలా పెడితే ఫ్యాన్ ఒక్కసారిగా హోరెత్తి, మళ్లీ ఆగి, మళ్లీ హోరెత్తే బాధ తప్పుతుంది.

ఇంట్లో ఉన్నవాటితోనే..

చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగు నుంచి పీల్చుకుంటాయి. పరుపు మీద, దిండు మీద, ఒళ్లో దుప్పటి మీద పెడితే ముక్కు మూసినట్టే. గట్టి బల్ల మీదే పెట్టాలి. వెనకవైపు రెండు సీసా మూతలో, చిన్న చెక్క ముక్కలో పెట్టి కాస్త ఎత్తితే గాలి బాగా ఆడుతుంది. అడుగున ఉండే గాలి రంధ్రాలకు మాత్రం అవి అడ్డం రాకూడదు. వెనకాల గోడకు కనీసం జానెడు ఖాళీ వదలండి. లేకపోతే బయటికొచ్చిన వేడిగాలే మళ్లీ లోపలికి వెళ్తుంది.

- టేబుల్ ఫ్యాన్ పెట్టొచ్చా? పెట్టొచ్చు. చుట్టూ చేరిన వేడిగాలిని తరిమేస్తుంది. కానీ గది వేడి కంటే తక్కువకు దించలేదు.
- నీళ్ల కూలర్ ముందు పెట్టొచ్చా? నేరుగా ఎదురుగా వద్దు. తేమ, ఒక్కోసారి నీటి తుంపరలు కూడా లోపలికి వెళ్లే ప్రమాదం ఉంది.
- ఐస్ ప్యాక్, తడిగుడ్డ? అస్సలు వద్దు. నీటి చుక్క లోపలికి జారితే మదర్‌బోర్డుకే ఎసరు.

డెల్టాలో అదనపు తలనొప్పి.. తేమ, ఉప్పు గాలి

కోనసీమ, నరసాపురం, కాకినాడ తీరంలో గాలిలో తేమ ఎక్కువ. ఏసీ గదిలో చల్లబడిన ల్యాప్‌టాప్‌ను బయటి ఉక్కపోతలోకి తెస్తే.. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే దానికీ తేమ పట్టొచ్చు. అలా తెచ్చినప్పుడు బ్యాగులోనే ఓ అరగంట ఉంచి, తర్వాత ఆన్ చేయండి.

సముద్రానికి దగ్గరగా ఉండే అంతర్వేది, ఉప్పాడ లాంటి ఊళ్లలో ఉప్పు గాలి లోహాన్ని త్వరగా తినేస్తుంది. దుమ్ముకు తేమ తోడైతే రేకుల మధ్య గట్టిగా అట్టకడుతుంది. ఊదితే పోదు. అందుకే ఇలాంటి చోట్ల ఎండాకాలం ముందు ఒకసారి, వర్షాకాలం అయ్యాక ఒకసారి శుభ్రం చేయించడం మంచిది.

క్లీనింగ్‌లో ఈ పొరపాట్లు చేయొద్దు

ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేయండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకూడదు. అలా తిరిగితే బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది. కవర్ విప్పాక ఫ్యాన్ రెక్కను పుల్లతో మెల్లగా ఆపి పట్టుకుని ఊదాలి. వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు.. స్టాటిక్ కరెంటు పుట్టి భాగాలు దెబ్బతినొచ్చు.

వారంటీ ఉంటే మీరే విప్పకండి. ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగండి. బయటి షాపులో ఇస్తే.. రెండు ఫ్యాన్లూ శుభ్రం చేశారా, థర్మల్ పేస్ట్ మార్చారా అని అడిగి, వీలైతే దగ్గరుండి చేయించుకోండి. కొన్ని ఖరీదైన మోడళ్లలో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కరెంటును ప్రవహింపజేస్తుంది. బోర్డు మీద ఒక్క బొట్టు పడ్డా షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అలాంటి వాటిని అనుభవం లేని చేతికి ఇవ్వొద్దు.

ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆపేయండి

వేడి వల్ల గేమ్ స్లో అయితే సర్దుకోవచ్చు. కానీ అసలు ప్రమాదం బ్యాటరీతో. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఎప్పుడూ 100 శాతం ఛార్జ్‌లో, వేడి గదిలో ఉంటే ఇంకా త్వరగా పాడవుతుంది. ఎక్కువసేపు ఛార్జర్ పెట్టే వాడేవాళ్లు కంపెనీ యాప్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఆన్ చేసుకోండి.

- టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, అడుగు కవర్ వంగినా, మూత సరిగా పడకపోయినా.. బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి.
- వెంటనే ఆఫ్ చేసి, ఛార్జర్ తీసేయండి. నొక్కడం, గుచ్చడం చేయొద్దు. మంట అంటుకునే ప్రమాదం ఉంది. మళ్లీ ఛార్జ్ పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.
- ఫ్యాన్ నుంచి గరగరమని రాపిడి శబ్దం వస్తే బేరింగ్ అరిగి ఉండొచ్చు. ఫ్యాన్ మార్చించాల్సి రావొచ్చు.
- కాలిన వాసన వస్తే స్విచ్ బోర్డు దగ్గరే కరెంటు ఆపేయండి.

కరెంటు పోతే..?

వేసవి కోతల్లో ఇన్వర్టర్ మీద గేమ్ ఆడకపోవడమే మంచిది. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్ ఛార్జర్లు 180, 230 వాట్లు, కొన్ని అంతకంటే ఎక్కువే ఉంటాయి. ఇన్వర్టర్ త్వరగా ఖాళీ అవుతుంది. పైగా సీలింగ్ ఫ్యాన్ కూడా ఆగిపోతే ల్యాప్‌టాప్ చుట్టూ వేడిగాలి పేరుకుంటుంది. ఆ కాసేపు చదువు పనో, సినిమానో చూసుకోండి.

మొత్తంగా చెప్పాలంటే.. ఎండాకాలంలో ఫ్యాన్ గట్టిగా తిరగడం రోగం కాదు, అది దాని పని. ఆ పనిని తేలిక చేయడమే మన చేతిలో ఉంది. ఫ్రేమ్స్ 60కి లాక్, బ్యాలెన్స్‌డ్ మోడ్, గట్టి బల్ల, ఏడాదికి రెండుసార్లు క్లీనింగ్. పెద్ద గేమ్స్ ఆడాలంటే మిట్ట మధ్యాహ్నం వదిలేసి, తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో కూర్చోండి. ముందు ఈ రోజే ఆ పొద్దున-మధ్యాహ్నం టెస్ట్ చేసి చూడండి.. మీ ల్యాప్‌టాప్‌కి కావాల్సింది సెట్టింగా, సర్వీసా అన్నది అదే చెప్పేస్తుంది.