అంతరాయం

అంతరాయం: సంస్కృతం నుంచి వచ్చిన నామవాచకం. ‘అంతర్’ అంటే నడుమ, దానికి ‘వెళ్లు’ అనే అర్థమున్న ధాతువు చేరింది. కాబట్టి నడుమ వచ్చి పడేది అని అర్థం. తెలుగు వాడుకలో, సాగుతున్న పని మధ్యలో తెగితేనే ఈ మాట సరిగ్గా అతుకుతుంది. ఆటంకం, విఘ్నం అలా కాదు, పని మొదలుకాక ముందే ఎదురుకావచ్చు. పత్రికలు ఈ తేడాను చెరిపేస్తున్నాయి; నిలుపుకోవలసిన తేడా ఇది.

పతంజలి యోగసూత్రాలు వ్యాధి, సంశయం, ఆలస్యం (సోమరితనం) మొదలైన 9 అంతరాయాలను చెబుతాయి. జైనుల 8 కర్మల్లో అంతరాయ కర్మ ఒకటి. దానం చేయబోయే చేతిని, అందబోయే లాభాన్ని ఆపేది అదేనని వారి నమ్మకం.

తెలుగువారికి ఈ మాటను ఇంటి మాటగా చేసింది మాత్రం దూరదర్శన్. ఆదివారం సినిమా మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయి, ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న అక్షరాలు తెర మీద నిలిచేవి. చదువురాని అవ్వలు కూడా ఆ మాటను గుర్తుపట్టేవారు.

వాడుకలో అంతరాయం కలుగుతుంది, ఏర్పడుతుంది, ఎవరైనా కలిగిస్తారు. కరెంటు కోతల ప్రకటనల్లో ‘విద్యుత్ సరఫరాలో అంతరాయం’ స్థిరపడిన పదబంధం. వ్యతిరేకార్థంలో ‘నిరంతరాయంగా’ అంటారు.