ఇంద్రావతిలో పడవ విహారం: చిత్రకోట్, బార్సూర్‌లకు ఎప్పుడు వెళ్లాలి? వేసవిలో నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ పట్టణం శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఉంది. దంతేశ్వరి అమ్మవారి దర్శనానికి వచ్చే తెలుగువారిలో చాలామంది అక్కడి నుంచే వెనుదిరుగుతారు. పడవ ఎక్కాలంటే మాత్రం సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బార్సూర్‌కు, ఇంద్రావతి ఒడ్డుకు వెళ్లాలి.

ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి దాదాపు 535 కిలోమీటర్లు ప్రవహించి తెలంగాణ సరిహద్దులో గోదావరిలో కలుస్తుంది. జగదల్‌పుర్‌కు 38 కిలోమీటర్ల దూరంలోని చిత్రకోట్ దగ్గర సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. వానాకాలంలో జలపాతం నిండుగా, ఎర్రమట్టి రంగులో ఉంటుంది. అది చూడ్డానికి బాగుంటుంది, పడవకు పనికిరాదు. వరద తగ్గాక, చలికాలంలో పడవవాళ్లు జలపాతం కిందివరకూ తీసుకెళ్తారు.

బార్సూర్ దగ్గర సాత్‌ధార్‌లో నది రాళ్ల మధ్య ఏడు పాయలుగా చీలుతుంది. ఇక్కడ ఈతకు దిగడం ప్రమాదకరం. ముచ్‌నార్ దగ్గర బోటింగ్ ఉంది. పర్యటకులు సరదాగా ఎక్కే పడవే, అవతలి ఒడ్డునున్న అబూజ్‌మాడ్ గ్రామాలకు చాలాకాలం సంతకూ ఆసుపత్రికీ దారి. ఛింద్‌నార్ దగ్గర వంతెన వచ్చింది ఇటీవలే.

బార్సూర్‌లో జంట వినాయకులు, మామా-భాంజా గుడి తప్పక చూడాలి. ఇక్కడ దొరికిన 11వ శతాబ్దపు శాసనం తెలుగులో ఉందన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

అయితే, 2019 వేసవిలో చిత్రకోట్ దాదాపు ఎండిపోయింది. ఇంద్రావతిని కాపాడాలంటూ స్థానికులు పాదయాత్ర చేశారు. ఒడిశా సరిహద్దులో నీళ్లు జోరా నాలాలోకి మళ్లి శబరిలో కలిసిపోవడం ఇందుకు ప్రధాన కారణం. సరిహద్దు దగ్గర ఛత్తీస్‌గఢ్‌కు 45 టీఎంసీలు రావాలన్నది 1975 నాటి ఒప్పందం. కానీ, వేసవిలో ఆ లెక్క కుదరడం లేదు. శబరి అయినా, ఇంద్రావతి అయినా చివరికి చేరేది గోదావరికే. నష్టం చిత్రకోట్‌కే.

బార్సూర్‌కు ఇంకో ముప్పు బోధ్‌ఘాట్ ఆనకట్ట. 1979లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ దీనికి శంకుస్థాపన చేశారు. అటవీ అనుమతుల దగ్గర ఆగిన ఈ ప్రాజెక్టును 2020లో రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ తెరపైకి తెచ్చింది. తమ ఊళ్లు మునుగుతాయని ఆదివాసీలు వ్యతిరేకిస్తున్నారు.

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలు దంతెవాడలో ఆగుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. బయల్దేరే ముందు నీటిమట్టం, భద్రతా పరిస్థితి గురించి జిల్లా అధికారులను అడిగి తెలుసుకోవాలి.