ఇంటి వంటగదిలో ఆహార సురక్షత: జంషెడ్‌పూర్ కద్మా చరిత్ర చెప్పేదేమిటి?

"ప్రజలు ఇంట్లో ఆహారాన్ని సురక్షితంగా నిర్వహించడాన్ని ప్రభావితం చేసే అంశాలేవి?" అనే ప్రశ్న వస్తే చాలామంది ఒకే మాట రాస్తారు: అవగాహన లేకపోవడం. అది సగం సమాధానమే. మిగతా సగం చరిత్రలో ఉంది.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోండి. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం తిండి అందడం గురించి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం తిండి సురక్షితంగా ఉండటం గురించి. ఈ రెండోది వ్యాపారాలకే వర్తిస్తుంది, ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. మరి గడప లోపల నిర్ణయించేదేమిటి?

నేపథ్యం

1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చి గ్రామం దగ్గర వెలసిన పట్టణానికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు కద్మా వంటి చోట్ల స్థిరపడ్డాయి.

ప్రధాన అంశాలు

1. నీరు, పారిశుద్ధ్యం: ప్రణాళికతో కట్టిన పట్టణం కాబట్టి కంపెనీ క్వార్టర్లకు కుళాయి, మురుగు కాలువ ముందే వచ్చాయి. 1940లలో డిమ్నా జలాశయం కట్టారు. కంపెనీ పరిధి బయట పెరిగిన బస్తీలకు అదే స్థాయి వసతి అందలేదు. చేతులు కడుక్కోవాలని ఇద్దరికీ తెలుసు, నీళ్లు మాత్రం ఒకరి ఇంట్లోనే ఉన్నాయి.

2. సమయం: ఉక్కు కొలిమి రాత్రింబవళ్లు మండాలి, కాబట్టి పని షిఫ్టుల్లో సాగుతుంది. ఒకసారి వండినది వేర్వేరు వేళల్లో తింటారు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండిన అన్నంలోనూ బాసిల్లస్ సీరియస్ బీజాలు బతికి ఉండగలవు. అది వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోకపోవచ్చు.

3. సంప్రదాయం: పులిహోరలో చింతపండు పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను తగ్గిస్తుంది. అయితే వాసన బాగుంటే తినొచ్చనే నమ్మకం ప్రమాదకరం. చాలా సూక్ష్మజీవులు రుచినీ వాసననూ మార్చవు.

4. లింగపరమైన భారం: నీళ్లు, వంట, నిల్వ ఎక్కువగా స్త్రీల పనే. ఫ్రిజ్, గ్యాస్ కొనే నిర్ణయం మాత్రం తరచూ వారి చేతిలో ఉండదు.

ముగింపు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో చెప్పిన 5 సూత్రాలు ఇవి: శుభ్రత, పచ్చివీ వండినవీ వేరుగా ఉంచడం, బాగా ఉడికించడం, సరైన ఉష్ణోగ్రత, సురక్షితమైన నీరు, సరుకులు. వీటిలో ఏది పాటించాలన్నా జ్ఞానంతో పాటు వసతి కావాలి. అందుకే మీ సమాధానంలో 47వ అధికరణం, జల్ జీవన్ మిషన్, ఉజ్వల పథకాలను కలిపి రాయండి. తప్పంతా గృహిణిదే అన్నట్టు మాత్రం ముగించకండి.