అరిట్టాపట్టి కొండలు

మధుర చరిత్ర చెప్పునపుడు మన పెద్దలు విశ్వనాథ నాయకునితో ఆరంభింతురు. అంతకు బహుశతాబ్దముల పూర్వపు చిహ్నములను చూడగోరి మేము మేలూరు తాలూకాలోని అరిట్టాపట్టికి పోయితిమి.

ఏడు కొండలు, వాని నడుమ చెరువులు, ఊటలు. గుహలో జైనమునుల రాతిపడకలు, రెండువేల యేండ్లకు పైబడిన తమిళబ్రాహ్మీ శాసనము గలవు. చేరువనే కొండను తొలిచిన శివాలయము. ఆకసమున లగ్గడు, షాహీన్ డేగ. పొదలలో అలుగు, దేవాంగపిల్లి, కొండచిలువ. పక్షిజాతులు సుమారు 250.

2022లో తమిళనాడు ప్రభుత్వము ఇచటి 193 హెక్టార్లను రాష్ట్రమున తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది. అయినను 2024లో టంగ్‌స్టన్ గనికై వేలము వేసిన ఖండములో ఈ నేలయు చేరినది. ఆ ఖండమునకు పెట్టిన పేరు నాయక్కర్‌పట్టి. మనవారి పేర్లవెంట నడచు శబ్దమును గనిపత్రముపై చూచి మనసు చివుక్కుమన్నది. రైతులు మధురకు ఊరేగి వచ్చి అభ్యంతరము తెలిపిరి. 2025 జనవరిలో కేంద్రము వేలమును రద్దుచేసినది.

నాయకరాజులు ఈ సీమ నేలిరని మనము గర్వింతుము. వలసవచ్చిన మనకు నీరిచ్చినవి ఇట్టి కొండలే. పిల్లలకు తిరుమల నాయకుని మహలు చూపుచున్నాము. ఇకమీదట అరిట్టాపట్టిని గూడ చూపుదము.