దాచిన ఉత్తరములు

శతవార్షిక సంచిక అనగానే మన తలంపులు బాప్తిస్మపు రిజిస్టరు మీదికి, వివాహపు రిజిస్టరు మీదికి పోవును. వాటిలో పేరు, తేదీ, సాక్షుల సంతకములు ఉండును. ఆ దినమున ఆ యింట ఎవరు కన్నీరు విడిచిరో, ఎవరు ఓదార్చిరో వాటిలో ఉండదు. అది ఉత్తరములే చెప్పవలెను. ఇందుకు దృష్టాంతముగా ఇంగ్లండు దేశపు గురువుగారి కుమార్తె ఒకామెను, ఆమె స్నేహితురాలిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

యార్క్‌షైరులోని హావర్త్ గ్రామమునకు 1820లో రెవ. పాట్రిక్ బ్రాంటీగారు గురువుగా వచ్చిరి. మరుసటి సంవత్సరమే వారి భార్య మరణించెను. 1825లో పెద్ద కుమార్తెలిద్దరు గతించిరి. మిగిలిన నలుగురు బిడ్డలలో పెద్దది షార్లెట్. 1831 జనవరిలో, పదునాలుగేండ్ల వయస్సున, ఆమెను మిస్ వూలర్‌గారి పాఠశాలలో చేర్చిరి. కొద్ది దినములకే ఎలెన్ నస్సీ అను బాలిక అక్కడికి వచ్చి, కిటికీ యొద్ద ఒంటరిగా ఏడ్చుచున్న షార్లెట్‌ను చూచి పలుకరించెను. ఇంటి మీది బెంగ ఇద్దరిదీ ఒకటే. ఆ పలుకరింపు 24 సంవత్సరములు నిలిచిన స్నేహమాయెను.

బడి విడిచిన తరువాత వారిని కలిపి ఉంచినది తపాలాయే. ఆ దినములలో దూరమునుబట్టి, కాగితముల లెక్కనుబట్టి రుసుము ఉండెడిది. సాధారణముగా దానిని ఉత్తరము అందుకొన్నవారే చెల్లించెడివారు. 1840 జనవరి 10 నుండి అర ఔన్సు లోపు ఉత్తరము దేశములో ఎక్కడికైనను ఒక్క పెన్నీకి పోవుచుండెను. కొద్దిపాటి ఆదాయముగల ఇండ్ల ఆడపిల్లలకు ఇది ఎంత మేలో చెప్పనక్కర లేదు.

ఆ జాబులలో ఏమున్నది? తండ్రిగారి కంటిచూపు, తమ్ముని దుర్వ్యసనము, ఇంటి పనిమనిషి జబ్బు, తెలిసినవారి పెండ్లి మాటలు. 1839లో ఎలెన్ అన్నగారే షార్లెట్‌ను వివాహమాడ గోరగా ఆమె మర్యాదగా వలదనెను. అయినను స్నేహము చెడలేదు. 1848 సెప్టెంబరులో తమ్ముడు బ్రాన్‌వెల్, డిసెంబరులో చెల్లెలు ఎమిలీ మరణించిరి. 1849 మేలో క్షయతోనున్న కడసారి చెల్లెలు ఆన్‌ను స్కార్‌బరో సముద్రతీరమునకు తీసికొని పోయినప్పుడు ఎలెన్ వెంట నడిచెను. నాలుగు దినములలో ఆన్ కన్ను మూయగా, అక్కడనే సమాధి చేసిరి.

స్నేహమనగా దాపరికము లేదని కాదు. 1847లో మారుపేరుతో వెలువడిన ‘జేన్ ఐర్’ తనదేనని షార్లెట్ కొంతకాలము ఎలెన్‌కు సైతము చెప్పలేదు. చెల్లెలికిచ్చిన మాట ఆమె నోరు కట్టివేసెను.

1854 జూన్ 29న షార్లెట్ తన తండ్రిగారి సహాయగురువైన నికల్స్‌గారిని పెండ్లాడినప్పుడు తోడిపెండ్లికూతురు ఎలెనే. కొద్ది నెలలకు నికల్స్‌గారు ఆ జాబులు పరుల కంట పడునని భయపడి, వాటిని కాల్చివేయుదునని ఎలెన్‌ను మాట ఇమ్మనిరి. తమ ఉత్తరములపై ఆయన అజమాయిషీ చేయకుండిన యెడల సరే అని ఆమె వ్రాసి యిచ్చెను, గాని కాల్చలేదు. 1855 మార్చి 31న షార్లెట్ మరణించెను. రెండేండ్లకు గాస్కెల్ దొరసానిగారు ప్రచురించిన జీవితచరిత్రకు ఎలెన్ ఇచ్చిన వందలాది జాబులే ఊపిరి. మరియొక బడి స్నేహితురాలు మేరీ టేలర్, క్షేమము కొరకని, తనకు వచ్చిన జాబులను దాదాపు అన్నిటిని కాల్చివేసెను. ఎలెన్ వ్రాసినవియు ఇంచుమించు ఏవీ మిగులలేదు. అందుచేత ఆ సంభాషణలో ఒక గొంతే మనకు వినబడుచున్నది.

ఎలెన్ మాట తప్పినదా, స్నేహమును కాచినదా? ఒక్క మాటలో తీర్పు చెప్ప మాకు ధైర్యము చాలదు. బ్రతికియున్నవారి మర్యాద కాపాడుట ధర్మమే. అయినను మన తల్లుల ట్రంకుపెట్టెలలో మడతలు పడియున్న జాబులను చెత్తయని పారవేయకముందు, ఒక్కసారి కూర్చుండి చదువుడని మాత్రము సోదరీ సోదరులను వేడుకొనుచున్నాము.